పాత అడ్వెంట్ బుక్‌షెల్ఫ్ స్పీకర్లు: కొనవచ్చా? విశాఖ గాలిలో నిలుస్తాయా?

సీతమ్మధార శ్రోత

సభ్యులందరికీ నమస్కారం. మల్కాపురంలో ఉంటున్న ఒక విశ్రాంత మెరైన్ ఇంజనీరు గారు తన అడ్వెంట్ అనే అమెరికా కంపెనీ స్పీకర్ల జతను అమ్మదలచారని తెలిసి, నిన్న సాయంత్రం వెళ్లి చూసి వచ్చాను. ఓడ మీద అమెరికా వెళ్లినప్పుడు ఆయన స్వయంగా కొని తెచ్చుకున్నవి అవి. పెట్టె వెనుక పలక మీద పెన్సిల్‌తో ఆయన రాసుకున్న ‘బాల్టిమోర్, 1974’ అనే అక్షరాలు ఇప్పటికీ చెరిగిపోలేదు.

ముందు గుడ్డ తీసి చూస్తే, వూఫర్ (మంద్రస్వరాలు పలికే పెద్ద స్పీకరు) కోన్, అంటే కదిలే కాగితపు గరాటు, చుట్టూ ఉండే ఫోమ్ వేలు తగలగానే తడిసిన బెల్లంలా అంటుకుని ఊడి వచ్చింది. కుడి పెట్టెలో ట్వీటర్ (పైస్వరాలు పలికే చిన్న స్పీకరు) పలకడం లేదు. హుద్‌హుద్ తుపాను వచ్చిన 2014 అక్టోబరు 12న కిటికీ అద్దాలు పగిలి గదిలోకి నీళ్లు చేరాయట. ఎడమ పెట్టె అడుగు అంచు రెండు వేళ్ల మేర ఉబ్బి, పైన అతికించిన వాల్‌నట్ చెక్క పొర లేచిపోయింది. ధర 22,000 రూపాయలు చెబుతున్నారు. నాకు టంకం పట్టడం కొద్దిగా వచ్చు కానీ స్పీకరు విప్పిన అనుభవం లేదు. ఇవి బాగుపడతాయా, బాగుపడినా సముద్రపు గాలికి మళ్లీ ఇదే గతి పడుతుందా అన్నది నా సందేహం. అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

కంచరపాలెం టంకం

ఫోమ్ పోయిందన్న విషయానికి మీరు భయపడనక్కరలేదు. ఆ కాలపు ఫోమ్ పాలియురిథేన్‌తో చేసినది. గాలిలోని తేమ, వేడి కలిసి దాని బంధాలను విడగొట్టేస్తాయి, వాడినా వాడకపోయినా అది పోతుంది. పొడి ప్రాంతాల్లో పదిహేను ఇరవై ఏళ్లు నిలిచేది మన ఊళ్లో అంతకంటే ముందే బంకగా మారుతుంది. దాన్ని మార్చడం ఒక ఆదివారం పని.

భయపడవలసింది కంటికి కనపడని తుప్పు గురించి. వాయిస్ కాయిల్ (కోన్‌ను కదిలించే తీగచుట్ట) కదిలే సందు చుట్టూ ఉండేది ఇనుము. మల్కాపురం గాలిలో ఉప్పు ఎంత ఉంటుందో ఇంటి కిటికీ ఊచలు చూసినవారికి చెప్పనక్కరలేదు. ఆ ఇనుము పొట్టు లేస్తే సందు మూసుకుపోయి కాయిల్ గీరుకుంటుంది. దాన్ని సరిచేయాలంటే అయస్కాంతాన్నే విప్పాలి, ఇంట్లో చేసుకునే పని కాదు. కాబట్టి మీరు మళ్లీ వెళ్లినప్పుడు రెండు బొటనవేళ్లూ కోన్ మీద ఎదురెదురుగా ఆనించి, సమానమైన ఒత్తిడితో మెల్లగా లోపలికి నొక్కి వదలండి. వేళ్లను కొంచెం కొంచెం జరుపుతూ నాలుగైదు చోట్ల ఇలాగే చేయండి. ఫోమ్ లేనందువల్ల కోన్ పక్కకు వాలే అవకాశం ఉంది కాబట్టి ఒకసారి గీరుకున్నంత మాత్రాన వదులుకోవద్దు. వేళ్లు ఏ కోణంలో పెట్టినా ఇసుక నలిగిన శబ్దం వస్తుంటే మాత్రం ఆ జతను వదిలేయండి.

మల్టీమీటరు తీసుకెళ్లండి. 8 ఓంల వూఫర్ తీగల మధ్య సాధారణంగా 5.5 నుండి 7 ఓంల వరకు చూపుతుంది. అంకె కంటే ముఖ్యమైనది రెండు వూఫర్లూ దాదాపు ఒకే రీడింగు చూపడం. ట్వీటర్ విషయంలోనూ అంతే: పలకని దాన్ని పలికేదానితో పోల్చండి. ఆ ట్వీటర్ చచ్చిపోయిందని ఇప్పుడే తీర్మానించుకోవద్దు. అడ్వెంట్ పెట్టె వెనుక ట్వీటర్ స్థాయిని పెంచడానికి, తగ్గించడానికి మూడు స్థానాల స్విచ్ ఒకటి ఉంటుంది. యాభై ఏళ్లుగా కదలని స్విచ్‌లో చిలుము పట్టి కరెంటు ఆగిపోవడం నేను చాలా పెట్టెల్లో చూశాను.

భీమిలి బాట

నా అభిప్రాయం వేరుగా ఉంది, దయచేసి అపార్థం చేసుకోవద్దు. 22,000 పెట్టి కొని, మరమ్మతుకు ఇంకొక పది వేలు ఖర్చు చేసే బదులు అదే డబ్బుతో కొత్త స్పీకర్లు హామీతో సహా వస్తాయి. నేను నాలుగేళ్ల క్రితం ఒక పాత జపాన్ జత కొని, ఫోమ్ పోయిందని నగరంలోని ఒక దుకాణానికి ఇచ్చాను. పది రోజుల తర్వాత తీసుకుంటే కొత్తవాటిలా మెరిసిపోతున్నాయి. ఇంటికి వచ్చి వింటే మృదంగం ఎడమ ముఖం మీద పలికే మంద్రనాదం పూర్తిగా మాయమైంది. గొంతులు డబ్బాలోంచి వస్తున్నట్లు వినిపించాయి. విప్పి చూస్తే పాత కోన్లు కోసి పారేసి, మైకు సెట్ల స్పీకర్లకు వేసే మందమైన కోన్లు కట్టారు. పాతవి ఇవ్వమంటే చెత్తలో వేశామన్నారు. ఆ బాధ ఇంకా తగ్గలేదు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కంచరపాలెం టంకం

భీమిలి బాట గారు చెప్పినది ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకోవలసిన విషయం. ఫోమ్ మార్చడం వేరు, కోన్ కట్టడం వేరు. మన దుకాణాల్లో అలవాటుగా చేసేది రెండోది, ఎందుకంటే ఆటోలకు, పందిళ్లకు వచ్చే స్పీకర్లకు అదే సరిపోతుంది. ఇంట్లో వినే స్పీకరుకు అది ప్రాణం తీయడమే.

ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను. 1954లో ఎడ్గార్ విల్చర్, హెన్రీ క్లాస్ కలిసి అమెరికాలో అకౌస్టిక్ రీసెర్చ్ అనే సంస్థను పెట్టేనాటికి లోతైన మంద్రస్వరం కావాలంటే బీరువా అంత పెట్టె ఉండవలసిందే. విల్చర్ ఆలోచన ఏమిటంటే, కోన్‌ను చాలా వదులుగా వేలాడదీసి, గాలి బయటికి పోకుండా పెట్టెను పూర్తిగా మూసేస్తే, లోపల చిక్కుకున్న గాలే స్ప్రింగులా పనిచేసి కోన్‌ను వెనక్కి తెస్తుంది. దానితో పెట్టె చిన్నదై పుస్తకాల అరలో పట్టింది. బుక్‌షెల్ఫ్ అనే పేరు అక్కడి నుండి వచ్చిందే. క్లాస్ ఆ తర్వాత కేఎల్‌హెచ్ అనే సంస్థలోనూ, 1967లో తాను స్థాపించిన అడ్వెంట్‌లోనూ ఇదే పద్ధతిని కొనసాగించారు. ఈ పద్ధతిలో కోన్ బరువు, దాన్ని పట్టుకున్న ఫోమ్ మెత్తదనం, పెట్టెలోని గాలి పరిమాణం మూడూ ఒకదానికొకటి లెక్కకట్టి పెట్టినవి. కోన్ బరువు మారినా, గట్టి రబ్బరు వేసినా ఆ లెక్క మొత్తం తప్పుతుంది. శ్రోత గారూ, మీరు ఏం చేసినా ఆ కోన్లను మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి.

పెదవాల్తేరు వీణ

మా నాన్నగారు వాడిన అకౌస్టిక్ రీసెర్చ్ 4ఎక్స్ జత నా దగ్గర ఉంది కాబట్టి రెండు మాటలు. వాటికి ఫోమ్ బదులు మందు పూసిన గుడ్డ అంచు ఉంది. మా ఇల్లు సముద్రానికి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉన్నా ఆ గుడ్డ చెక్కుచెదరలేదు. కాలం గడిచి పూత పల్చబడితే గాలి కారుతుంది, మళ్లీ పల్చగా పూత వేయాలి, అంతే. బీబీసీ వారు రూపొందించిన ఎల్ఎస్3/5ఏ వంటి బ్రిటిష్ స్పీకర్లకు రబ్బరు జాతి అంచు ఉంటుంది. అదీ మన వాతావరణానికి ఓర్చుకుంటుంది, అయితే వాటి ధరలు మనలాంటివారికి అందే స్థితిలో లేవు. ఇంకా ఏమీ కొననివారు ఎవరైనా ఈ చర్చ చదువుతుంటే, ముందు అంచు దేనితో చేసినదో అడిగి తెలుసుకోమని నా మనవి.

ఇక స్విచ్ మాట నూటికి నూరుపాళ్లు నిజం. మా జతలో ఒకదానికి పైస్వరాలు పూర్తిగా పోతే ట్వీటర్ కాలిపోయిందనుకుని రెండేళ్లు మూలన పెట్టాను. లోపలి నాబ్‌లో రాగి మీద ఆకుపచ్చటి చిలుము పేరుకుందని తర్వాత తెలిసింది. శుభ్రం చేసిన రోజు వీణలో మీటు పడిన చప్పుడు, దాని వెనుక సాగే నాదం విడివిడిగా వినిపించాయి. నేను వీణ నేర్చుకున్నదాన్ని కాబట్టి ఆ తేడా నాకు చాలా పెద్దది.

గాజువాక చెక్కపని

పెట్టె గురించి నేను చెబుతాను. ఈ పెట్టెలు కలప రజనును బంకతో నొక్కి చేసిన పార్టికల్ బోర్డుతో చేసి, పైన వాల్‌నట్ పొర అతికించినవి. నీళ్లు తాగి ఉబ్బిన ఆ బోర్డు ఎండినా మళ్లీ తన మందానికి రాదు. బిగించి నొక్కితే సరిపోతుందని కొందరు వడ్రంగులు చెబుతారు, నమ్మవద్దు. ముందుగా పెట్టెను నీడలో నెల రోజులు ఆరనివ్వాలి. పొడిపొడిగా రాలే భాగాన్ని గట్టి బోర్డు తగిలేదాకా గోకి తీసి, పల్చటి ఎపాక్సీని కుంచెతో పలుమార్లు తాగించాలి. అది రాయిలా గట్టిపడ్డాక ఎపాక్సీలో రంపపు పొట్టు కలిపి లప్పంలా నింపి, గరుకు కాగితంతో అసలు మట్టానికి తేవాలి. మామూలు లప్పం ఇక్కడ పనికిరాదు, వూఫర్ అదురుకు రాలిపోతుంది. లోపలి మూలల్లో కూడా ఎపాక్సీ పూయండి. పైన చెప్పినట్లు ఈ పెట్టెలో గాలి కారకూడదు.

పైపొర విషయంలో, అడుగున రెండు వేళ్ల మేర ఉన్న వాల్‌నట్‌ను తిన్నగా కోసి, అదే వెడల్పున టేకు పొర అతికించి కొంచెం ముదురు రంగు పడితే దగ్గరగా చూసినవారికి తప్ప తెలియదు. మొత్తం పొర మార్చవద్దు. యాభై ఏళ్ల వాల్‌నట్ రంగు మళ్లీ దొరకదు. చివరగా అవిసె నూనె పల్చగా రుద్దండి, మెరిసే పాలిష్ వద్దు. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకుండా విప్పి ఆరవేయండి, వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది.

మరొక మాట. ఈ పెట్టెలను ఎప్పుడూ నేల మీద ఆనించవద్దు. మా వీధిలో ఒకరి పెట్టెలకు ఏటికొప్పాకలో అంకుడు కర్రతో కాళ్లు చేయించి లక్క పట్టించాము. నాలుగు అంగుళాల ఎత్తు చాలు, కడిగిన నేల తడీ తగలదు, చెదలు వస్తే ముందే కనపడతాయి.

సీతమ్మధార శ్రోత

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం మళ్లీ వెళ్లి కంచరపాలెం టంకం గారు చెప్పిన పరీక్షలన్నీ చేశాను. ఎడమ వూఫర్ మొదట గీరుకుంది కానీ వేళ్లు కొంచెం పక్కకు జరిపితే నిశ్శబ్దంగా కదిలింది. కుడిది ఏ వైపునా గీరుకోలేదు. రెండింటి రీడింగుల మధ్య తేడా అర ఓం కూడా లేదు. పలకని ట్వీటర్‌ను వేరు చేసి కొలిస్తే రెండోదానితో సరిగ్గా సమానంగా ఉంది. ఆ సంగతి చెప్పగానే పెద్దాయన ముఖం వెలిగిపోయింది. అంచు ఖర్చు, పెట్టె స్థితి వివరిస్తే ఆయనే 15,000కు దిగి, పారేయకుండా వినేవాడికి ఇస్తున్నానన్న తృప్తి చాలునన్నారు. స్పీకర్లను ఆటోలో పడుకోబెట్టకుండా నిలబెట్టి తీసుకెళ్లమని రెండుసార్లు చెప్పి, వీధి చివరి వరకు వచ్చి సాగనంపారు.

స్విచ్‌కు కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ముప్పైసార్లు అటూ ఇటూ తిప్పాక కుడి ట్వీటర్ పలికింది.

ఇప్పుడు క్రాస్ఓవర్ (మంద్ర, పై స్వరాలను విడదీసి వూఫర్‌కూ ట్వీటర్‌కూ పంపే భాగం) కెపాసిటర్లు మార్చాలా అన్నది ప్రశ్న. ఇంటర్నెట్‌లో సగం మంది తప్పనిసరి అంటున్నారు, సగం మంది ముట్టుకోవద్దంటున్నారు.

భీమిలి బాట

నా జతలో మార్పించాను. మార్చిన వెంటనే పైస్వరాలు పదునుగా మారి చెవిని గుచ్చాయి, గాయకుల ‘స’కారం ఈల వేసినట్లు వచ్చేది. అందుకని జాగ్రత్త.

కంచరపాలెం టంకం

అది కెపాసిటర్ తప్పు కాదు, లెక్క తప్పు. పాత క్రాస్ఓవర్లలో ఎక్కువగా కనపడే బైపోలార్ ఎలక్ట్రోలిటిక్ (ధన, రుణ గుర్తులు లేని రకం) కెపాసిటర్‌కు తనకంటూ కొంత అంతర్గత నిరోధం ఉంటుంది. రూపకర్త ఆ నిరోధాన్ని కూడా కలుపుకునే ట్వీటర్ స్థాయిని నిర్ణయిస్తాడు. దాని స్థానంలో నిరోధం దాదాపు శూన్యమైన పాలీప్రొపిలీన్ ఫిల్మ్ కెపాసిటర్ పెడితే ట్వీటర్‌కు ఎక్కువ కరెంటు వెళుతుంది. దానితో సిరీస్‌లో (కరెంటు వెళ్లే అదే దారిలో) అర ఓం దరిదాపుల రెసిస్టరు కలిపి, చెవితో విని సరిచూసుకుంటే ఆ పదును తగ్గుతుంది.

నా పద్ధతి ఇది: ముందు కెపాసిటర్ ఒక కాలు విప్పి మీటరుతో కొలుస్తాను. రాసి ఉన్న విలువకు పది శాతం లోపల ఉండి, రెండు పెట్టెల్లోనూ ఒకేలా ఉంటే అలాగే వదిలేస్తాను. పెరిగినా, తగ్గినా రెండు పెట్టెల్లోనూ ఒకేసారి మారుస్తాను, ఎందుకంటే రెండు వైపులా సమానంగా లేకపోతే గాయకుడు మధ్యలో నిలబడడు, ఒక పక్కకు జరిగిపోతాడు. ఇంకొక హెచ్చరిక: దుకాణంలో మామూలు ఎలక్ట్రోలిటిక్ ఇచ్చి ఇదీ అదీ ఒకటే అంటారు. ధన, రుణ గుర్తులున్నది ఇక్కడ పనికిరాదు. బైపోలార్ దొరకకపోతే రెండు మామూలువి తీసుకుని రుణ కాళ్లు రెండూ కలిపి టంకం పెట్టవచ్చు, కానీ విలువ సగమవుతుంది. 10 మైక్రోఫారడ్లు కావాలంటే 20వి రెండు తీసుకోవాలి.

సీతమ్మధార శ్రోత

కొలిచాను. రెండూ పది శాతం లోపలే ఉన్నాయి కాబట్టి వదిలేశాను.

ఫోమ్ అమెరికా నుండి తెప్పించాను. ఒక విషయం ఇక్కడ నమోదు చేయాలి: అడ్వెంట్ పాత రకానికి కోన్ బయట చెక్కపిండితో చేసిన మేసొనైట్ రింగు ఉంటుంది, తర్వాతి రకానికి లోహపు చట్రం ఉంటుంది, రెండింటి ఫోమ్ కొలతలు వేరు. పేరు చూసి కాకుండా ఫొటో పంపి ఆర్డరు పెట్టాలి.

అతికించిన విధానం రాస్తున్నాను, నాలాంటి కొత్తవారికి ఉపయోగపడుతుందని. పాత బంకను గోటితోనూ, మొద్దుబారిన వెన్న కత్తితోనూ గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి పిండిన గుడ్డతో తుడిచాను. కాగితపు కోన్ కాబట్టి తడి ఎక్కువ కాకూడదు. ఇక్కడే ఎక్కువ సమయం పట్టింది, ఒక్కో వూఫర్‌కు రెండు గంటలు. నీటితో పలచబడే తెల్ల జిగురు వాడాను. వెంటనే పట్టుకునే జిగురుతో సర్దుకునే వ్యవధి ఉండదు. మొదట లోపలి అంచును కోన్‌కు అతికించి రాత్రంతా వదిలేశాను.

మరునాడు బయటి అంచుకు జిగురు రాసి, ఫోన్‌లో 30 హెర్ట్జ్ స్వరం పెట్టి, ఆంప్లిఫయరు శబ్దం చాలా తక్కువలో ఉంచి కోన్‌ను ఊపనిచ్చాను. కోన్ సరిగ్గా మధ్యలో ఉంటే ఊగడం కనపడుతుంది కానీ చప్పుడు వినపడదు. మొదటి ఐదు నిమిషాలు సన్నగా, కాగితం మీద గోరు గీసినట్లు ఒక శబ్దం వస్తూనే ఉంది. ఫోమ్‌ను కుడివైపు వెంట్రుకవాసి లాగితే తగ్గింది, ఇంకొంచెం లాగితే మళ్లీ మొదలైంది. ఆ రెండింటి మధ్య చోటు దొరికాక చుట్టూ బట్టల క్లిప్పులు పెట్టి 24 గంటలు ముట్టుకోలేదు. దుమ్ము టోపీ (కోన్ మధ్యనుండే మూత) కోయకుండానే పని పూర్తయింది.

గాజువాక చెక్కపని

వూఫర్లు తిరిగి బిగించేటప్పుడు పాత నల్లటి బంక ముద్ద ఎండిపోయి ఉంటే తీసేసి కొత్త సీలు వేశారా? లోపల గాజునూలు ఉంటే ముక్కుకు గుడ్డ, చేతికి తొడుగులు తప్పనిసరి.

సీతమ్మధార శ్రోత

వేశానండి, తొడుగులు కూడా వేసుకున్నాను. బిగించాక కోన్‌ను మెల్లగా నొక్కి వదిలితే కుడిది తీరిగ్గా, ఊపిరి వదిలినట్లు వెనక్కి వచ్చింది. ఎడమది మాత్రం టక్కున వచ్చేసింది, అంటే ఎక్కడో గాలి కారుతోంది. వెతికితే వెనుక తీగలు తగిలించే పలక దగ్గర సన్నటి సందు కనపడింది. మూశాక అదీ కుడిదానిలాగే నెమ్మదించింది.

పెదవాల్తేరు వీణ

తీగల ధన, రుణాలు రెండు పెట్టెలకూ ఒకేలా కలిపారో లేదో చూసుకోండి. 1.5 వోల్టుల బ్యాటరీని క్షణంపాటు తగిలిస్తే రెండు కోన్లూ ఒకే దిశలో కదలాలి. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి కదిలితే మంద్రం మొత్తం ఒకదానితో ఒకటి కొట్టుకుపోతుంది. విన్నాక ఎలా ఉందో తప్పక రాయండి.

సీతమ్మధార శ్రోత

బ్యాటరీతో చూశాను, రెండూ ముందుకే కదిలాయి. నిన్న రాత్రి మొదటిసారి తీరిగ్గా విన్నాను. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వాయులీనం పాత రికార్డింగు పెట్టాను. కమాను తీగ మీద దిశ మార్చుకునే చోట వచ్చే ఆ చిన్న గరుకుదనాన్ని ఇంతవరకు రికార్డు చప్పుడే అనుకున్నాను; అది చేతి కదలిక అని ఇప్పుడు తెలిసింది. ఆ తర్వాత మృదంగం ఉన్న కచేరీ పెట్టి భీమిలి బాట గారిని తలచుకున్నాను. ఎడమ ముఖపు మంద్రనాదం గుండ్రంగా వచ్చి గదిలో కాసేపు నిలిచింది.

భీమిలి బాట

చదివి చాలా సంతోషించాను. నా జపాన్ జత ఖాళీ పెట్టెలు, ట్వీటర్లు ఇంకా అటక మీదే ఉన్నాయి. అదే నమూనా వూఫర్లు విడిగా దొరికితే, ఫోమ్ పోయినవైనా సరే, ఈసారి నేనే చేసుకుంటాను. ఎవరికైనా ఎదురైతే తెలియజేయగలరు.

కంచరపాలెం టంకం

వెనుక చీటీ మీదున్న నమూనా సంఖ్య, ట్వీటర్ ఫొటో ఇక్కడ పెట్టండి. నా దగ్గర విప్పి ఉంచిన జపాన్ వూఫర్లు మూడు జతలున్నాయి, రంధ్రాల కొలతలు కలుస్తాయేమో చూస్తాను. మాట్లాడుకునే ముందు వూఫర్ రంధ్రం వ్యాసం, బోల్టుల మధ్య దూరం, పెట్టె లోపలి పొడవు, వెడల్పు, లోతు కొలిచి పెట్టుకోండి.

సీతమ్మధార శ్రోత

నేను ముందుజాగ్రత్తగా రెండు జతల ఫోమ్ తెప్పించాను. వాడకుండా దాచినా అది కూడా మన గాలికి పాడవుతుంది కదా. మేసొనైట్ రింగు ఉన్న అడ్వెంట్ జత ఎవరి దగ్గరైనా ఉంటే సందేశం పంపండి, కొన్న ధరకే ఇస్తాను. చేయి తిరిగేవరకు భయంగా ఉంటుందనుకుంటే ఏదైనా ఆదివారం ఉదయం సీతమ్మధార రండి, కలిసి అతికిద్దాము.